పేరొకటి – పలకలు రెండు

లోకవ్యవహారమంతయు పేరుమీద నడచుచున్నది. కందిపప్పనినచో కందిపప్పునే అంగడివాడు తూచి యిచ్చునను నమ్మకముచేతనే మనము పిల్లవాని చేతికి చీటి వ్రాసియిచ్చి బజారునకు పంపగలుగుచున్నాము. పదమునకును పదార్థమునకును గల యీ సంబంధమును గూర్చి మన శాస్త్రకారులు పెక్కు గ్రంథములు వ్రాసిరి. ఒకే పదమునకు పలు అర్థములుండుటయు గలదు. అమరకోశమున నానార్థవర్గము అందుకొఱకే యేర్పడినది. 'హరి' యన్న పదమునకు విష్ణువనియు, సింహమనియు, కోతియనియు అర్థములున్నను, ముందువెనుకల పదములను చూచి అచ్చట ఏ యర్థము పొసగునో నిర్ణయించుకొందుము. అంగడిలో అట్టి సందర్భము మనకు దొరకదు. అట్టపెట్టెమీద అచ్చువేసిన పేరే మనకాధారము. ఆ పేరే రెండు వేర్వేరు వస్తువులకు చెల్లునేని గృహిణి యేమి చేయవలెను?

ఈ ప్రశ్న యిప్పుడేల పుట్టెనని సోదరీమణులడుగవచ్చును. మన చిన్ననాట పలకయనగా రాతిపలకయే. బలపము పట్టి వ్రాయుట, తడిగుడ్డతో తుడుచుట, అంతకుమించి దానియందు తెలిసికొనవలసిన రహస్యమేదియు లేదు. నేటి పలక వేఱు. గాజుముఖముగల యీ విద్యుత్పలకను టాబ్లెట్ అని పిలుచుచున్నారు. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి కారణముగా బడులు మూతపడినది మొదలు ఇది సామాన్య కుటుంబములలోనికిని వచ్చి చేరినది. పిల్లలు పాఠములు వినుటకును, దూరదేశముననున్న కొడుకుకోడండ్రతో ముఖాముఖిగ మాటలాడుటకును, పురాణప్రవచనములు వినుటకును దీనిని వాడుచున్నాము. ఇట్టి వస్తువును కొనుటకు పలు కుటుంబములలో కొన్ని నెలల మిగులు సొమ్ము పట్టును. అట్లు కొన్న వస్తువు మనము తలచిన పనికి రాకపోయినచో ఆ నష్టము చిన్నది కాదు.

ఈ పలకకు గాజును లోహమును దేహమువంటివి. దానిని నడపునది మఱియొకటి గలదు. దానినే ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. ఒక యింటికి గృహిణి యెట్టిదో యీ యంత్రమున కది యట్టిది. ఎవరిని గడప దాటి రానీయవలెను, ఎవరికి ఏ గది యీయవలెను, ఏ వస్తువు ఎచ్చట దాచవలెను, వచ్చినవారి మాటను ఎట్లు గ్రహించి బదులు చెప్పవలెను, ఇవి యన్నియు దాని విధులు. మనము వాడుకొను ప్రోగ్రాములు ఆ యింటికి వచ్చు అతిథులు. అతిథి భాష గృహిణికి తెలియనిచో, లేక గృహిణి తలుపు తీయనొల్లనిచో, ఎంతటి యతిథియైనను వీధిలోనే నిలువవలసినదే. ఈ యొక్క మాట జ్ఞాపకముంచుకొన్నచో దిగువ చెప్పబోవు కథయంతయు తేటపడును.

ఈ కథ అమెరికాదేశమున జరిగినది. అచ్చటి మైక్రోసాఫ్ట్ సంస్థవారు 1985లో మొదలిడి విండోస్ అను పేరుతో ఆపరేటింగ్ సిస్టములను చేసి అమ్ముచున్నారు. ఏండ్ల తరబడి వాడుకచేత ఆ పేరునకు జనులలో ఒక యర్థము స్థిరపడెను. విండోస్ అనగా, తామదివఱకు కొన్న ప్రోగ్రాములు నడచునది అని. ఒక యంత్రము పాతబడి క్రొత్తది కొన్నను, లెక్కలు వ్రాసికొను ప్రోగ్రామును, పిల్లల ఆటలును, అచ్చుయంత్రమును సామాన్యముగ మునుపటివలెనే పనిచేయునని వారి నమ్మకము. 2012 అక్టోబరు 26వ తేదీన ఆ సంస్థవారు రెండింటిని ఒక్కదినముననే విడుదల చేసిరి. ఒకటి విండోస్ 8. రెండవది విండోస్ ఆర్.టి. అదే దినమున సర్ఫేస్ అను పేరుగల తమ స్వంత పలకనుగూడ అమ్మకమునకు పెట్టిరి. దానిలో నుండినది విండోస్ ఆర్.టి. మఱి మూడు నెలలు గడచి 2013 ఫిబ్రవరి 9వ తేదీన సర్ఫేస్ ప్రో యను మఱియొక పలక వచ్చెను. దానిలో నుండినది విండోస్ 8.

ఈ రెండు పలకలను ప్రక్కప్రక్కన నుంచి చూచినవారికి భేదము తోచుట కష్టము. తెఱమీద అవే రంగురంగుల చతురస్రములు, వ్రేలితో త్రోసిన అదే విధముగ కదలుట, క్రిందనున్న అదే పాత బల్లవంటి తెఱ. అయినను లోపల భేదము మిక్కిలి పెద్దది. విండోస్ 8 నడచు యంత్రములలో ఇంటెల్ మొదలగు సంస్థల ప్రాసెసర్లుండెను. విండోస్ ఆర్.టి. నడచు పలకలలో ఏ.ఆర్.ఎం. జాతి ప్రాసెసర్లుండెను. ప్రాసెసరనగా యంత్రమునకు మెదడు. ఈ రెండు జాతులకును భాష వేఱు. మొదటి జాతికై వ్రాసిన ప్రోగ్రామునందలి ఆజ్ఞలు రెండవ జాతికి అర్థము కావు.

ఈ భేదమును మన యింటి యుదాహరణముతో చెప్పెదను. మనలో చాలమంది సంస్కృత శ్లోకములను తెలుగు లిపిలోనే చదువుకొందుము. అక్షరములు తెలుగువే, పుస్తకపు రూపము తెలుగు పుస్తకముదే. అయినను సంస్కృతము నేర్వనివారికి ఆ శ్లోకము అర్థమగునా? లిపి యొకటే కాని భాష వేఱు. విండోస్ ఆర్.టి. పలకయు అట్టిదే. తెఱమీది లిపి విండోస్‌దే. లోపలి భాష వేఱు. అందుచేత ఇరువది యేండ్లుగ జనులు కొని దాచుకొన్న విండోస్ ప్రోగ్రాములలో ఒక్కటియు దానిలో నడవలేదు. మైక్రోసాఫ్ట్ వారి స్వంత దుకాణమునుండి క్రొత్తగ దించుకొను యాప్‌లు మాత్రమే దానిలోనికి రాగలిగినవి. ఆ దుకాణమున అప్పటికి సరకు తక్కువ.

ఇచ్చట న్యాయముగ మఱియొక మాటయు చెప్పవలెను. ఆ పలక చెడ్డ వస్తువు కాదు. ఏ.ఆర్.ఎం. ప్రాసెసరు విద్యుత్తును మితముగ వాడును, తక్కువగ వేడెక్కును, లోపల విసనకఱ్ఱవంటి చక్రము నపేక్షింపదు. అందుచేత పలక పలుచగనుండెను, బరువు 700 గ్రాములకు లోపుగనే యుండెను, ఒకసారి విద్యుత్తు నింపినచో పగలంతయు పనిచేయగలిగెను. సర్ఫేస్ ప్రో యన్ననో 900 గ్రాములు తూగుచు, దానికన్న చాల ముందుగనే విద్యుత్తు ఖర్చుచేసికొనుచుండెను. పైగ ఆర్.టి. పలకలో వర్డు, ఎక్సెల్ మొదలగు వ్రాతపని ప్రోగ్రాములు ముందుగనే నింపియుండెను. వెలయు తక్కువ. 32 గిగాబైటుల ఆర్.టి. పలక 499 డాలర్లు. సర్ఫేస్ ప్రో 899 డాలర్లనుండి మొదలు. చదువుకొను పిల్లకు, ఉత్తరములు వ్రాసికొను పెద్దలకు అది చాలినదే. లోపము వస్తువునందు లేదు, పేరునందు గలదు. తాను ఏమి కాదో ఆ పేరు చెప్పలేదు.

ఆర్.టి. యను రెండక్షరముల భావమేమో సంస్థవారు కొనువారికి విప్పి చెప్పలేదు. పైగ ప్రోగ్రాములు వ్రాయువారు వాడుకొను 'విండోస్ రన్‌టైమ్' అను వేఱొక సాధనము గలదు. దానిని సంగ్రహముగ 'విన్ ఆర్.టి.' అందురు. అది విండోస్ 8లోను గలదు. కావున విషయజ్ఞులు సైతము ఒకదానినొకటిగ భ్రమపడుట కవకాశమయ్యెను. ఇతర సంస్థలవారును ఈ చిక్కును ముడివేసిరేకాని విప్పలేదు. ఆసూస్ వారు వీవోట్యాబ్ అను ఒకే పేరుతో విండోస్ 8 పలకను, ఆర్.టి. పలకను గూడ అమ్మిరి. దూరదర్శనమున వచ్చిన సర్ఫేస్ ప్రకటనలో యువతీయువకులు పలకలకు మీటలపలకలను టక్కుటక్కున తగిలించుచు నాట్యము చేసిరి. చూడముచ్చటగ నుండెను. కాని యా పలకలో ఏమి నడచును, ఏమి నడవదు అన్న సంగతి ఆ నాట్యమున లేదు.

పోనిండు, అంగడిలో నిలిచి యమ్మువారైన చెప్పగలిగిరా? 'ది వెర్జ్' అను అమెరికా పత్రికవారు 2012 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ వారి అమ్మకపు ప్రతినిధులను కొందఱిని ప్రశ్నించి చూచిరి. ఎక్కువమంది ఆ భేదమును తేటగ చెప్పలేకపోయిరి. కొందఱు తప్పుగ చెప్పిరి. చేసినవారి మనుష్యులకే తెలియని భేదము కొనువారికి తెలిసియుండవలెనని యెవరనగలరు?

కొలతయందును ఇట్టిదే యొక చిక్కుండెను. 32 గిగాబైటులని పెట్టెమీద నుండగా, ఆపరేటింగ్ సిస్టమును, ముందుగ నింపిన ప్రోగ్రాములును దానిలో సగము నాక్రమించుకొనగా, కొన్నవారికి మిగిలినది సుమారు 16 మాత్రమే. మానెడు బియ్యము పట్టు డబ్బాను కొని యింటికి తెచ్చి చూడగా సగము వఱకు ఇసుక నింపియున్నట్లాయెను. దీనిపై 2012 నవంబరులో అచ్చట న్యాయస్థానమున వ్యాజ్యముగూడ దాఖలయ్యెను. వ్రాతపని ప్రోగ్రాములకును ఒక నిబంధన గలదు. అవి గృహమునకును విద్యార్థులకును ఉద్దేశింపబడినవి. వ్యాపారపు పనికి వాడుటకు వేఱుగ అనుమతి కావలెను. ఇంటినుండి చిన్న వ్యాపారము చేసికొను స్త్రీ యీ నిబంధనను ఎచ్చట చదివియుండును?

ఫలితము త్వరలోనే కనబడెను. 2013 జనవరిలో శాంసంగ్ వారు తమ ఆర్.టి. పలకను అమెరికాలో అమ్మబోమని చెప్పిరి. ఆ వస్తువేమో జనులకు బోధపఱచుటకే మిక్కిలి వ్యయమగునని వారు చెప్పిన కారణములలో నొకటి. తక్కిన సంస్థలును ఒకటి వెనుక నొకటి విరమించుకొన్నవి. 2013 జులైలో మైక్రోసాఫ్ట్ వారు ఆర్.టి. పలక వెలను 150 డాలర్లు తగ్గించి, అమ్ముడుపోని సరకు నిమిత్తము 90 కోట్ల డాలర్ల నష్టమును తమ లెక్కలలో వ్రాసికొనిరి. ఆ లెక్కల సంవత్సరమున రెండు విధముల సర్ఫేస్ పలకల వలనను వారికి వచ్చిన రాబడి 85 కోట్ల 30 లక్షల డాలర్లు. అనగా రాబడికన్న నష్టమే యధికము.

అటుపిమ్మట అదే యేడు అక్టోబరులో వచ్చిన రెండవ పలకకు సర్ఫేస్ 2 అని పేరు పెట్టి ఆర్.టి. యను అక్షరములను తీసివైచిరి. మొదటి పేరు జనులను తికమక పెట్టెనని సంస్థవారే ఒప్పుకొనిరి. కాని లోపల నుండినది ఆర్.టి.యే. దాని ప్రక్కనే సర్ఫేస్ ప్రో 2 అమ్మకమునకుండెను. బొట్టు చెఱిపినంతమాత్రమున కవల పిల్లలలో ఎవరెవరో తెలియునా? ఉన్న గుర్తొక్కటియు పోయినట్లాయెను.

2014 ఫిబ్రవరిలో మన హైదరాబాదున పుట్టిన సత్య నాదెళ్లగారు ఆ సంస్థకు ప్రధాన కార్యనిర్వాహకులైరి. ఆ జులైలోనే వారు విండోస్ మూడు తెఱగులుగ నుండుట మాని యిక నొక్కటిగ చేయబడునని ప్రకటించిరి. 2015 జనవరి నాటికి ఆర్.టి. పలకల తయారీ నిలిచిపోయెను. ఆ జులైలో విండోస్ 10 రాగా, విండోస్ 8.1 ఉన్నవారికి అది యుచితముగ లభించెను. ఆర్.టి. పలకలవారికి అదియు లేదు. సెప్టెంబరులో ఒక చిన్న సవరణతో సరిపెట్టిరి. ఇతర తంత్రమును నింపుకొందమన్నను ఆ పలక తలుపులు లోపలనుండి బిగించియే యుండెను. 2023 జనవరి 10వ తేదీతో దానికి రక్షణ సవరణలును ఆగిపోయినవి. 90 కోట్లు పోయినను సంస్థ నిలిచి మఱింత వృద్ధిచెందెను. తన కూడబెట్టిన సొమ్ముతో ఒక్క పలకను కొన్న యిల్లాలికి అట్టి వెసులుబాటు లేదుగదా!

ఇది పరదేశపు కథయే కదాయని తలపవలదు. మా వీధిలోని యొక సోదరి చీటీపాట సొమ్ముతో పదవ తరగతి చదువు కుమార్తెకు ఒక పలక కొనెను. పెట్టెమీద ఆండ్రాయిడ్ అని పెద్ద యక్షరములతో నుండెను. బడివారు చెప్పినదియు ఆండ్రాయిడ్ పలకయే. ఇంటికి తెచ్చి బడివారి పాఠముల యాప్‌ను నింపబోగా, ఈ ఆండ్రాయిడ్ మిక్కిలి పాతది, మేమిందులో నడవము అని అది తెఱమీద చూపెను. అంగడికి పోగా, 'ఇదీ ఆండ్రాయిడే కదమ్మా! పెట్టె విప్పినాక తిరిగి తీసుకోము' అని అచ్చటివారనిరి. వారన్న మొదటి మాట అబద్ధము గాదు. నిజమునుగాదు. ఆ బాలిక తండ్రి పని ముగించుకొని రాత్రి యింటికి వచ్చువఱకు కాచియుండి, ఆయన ఫోనులో పాఠములు చదువుకొనెను. క్రొత్త పలక అలమారలో కూర్చుండెను.

ఆ సోదరి నాతో అన్న మాట మాత్రము నా మనస్సును కలచినది. 'అక్కయ్యగారూ, నాకు ఇంగ్లీషు చదువు లేకపోబట్టే కదండీ ఇంత సొమ్ము పోయింది!' అని ఆమె కన్నుల నీరు పెట్టుకొనెను. ఇంటిలోని పెద్దలును అట్లే యనిరట. ఈ వ్యాసమును వ్రాయుటకు ఆ మాటయే కారణము. అమెరికాలో, ఆంగ్లమే మాతృభాషయైనవారు, యంత్రములనడుమ పెరిగినవారు, ఆ వస్తువును చేసిన సంస్థ యమ్మకపు మనుష్యులు సైతము ఏ భేదమును తెలియలేకపోయిరో, అట్టి భేదము తెలియనందుకు మన యిల్లాలు తన్ను తాను నిందించుకొనుట న్యాయమా? ముత్యపుచిప్పను చూచి వెండియని భ్రమించుట మన శాస్త్రములలో చెప్పు ఉదాహరణము. అచ్చట చిప్ప తాను వెండినని చెప్పుకొనలేదు. ఇచ్చట చిప్పమీద వెండియని అచ్చువేసిరి. దోషము చూచిన కంటిది గాదు, వ్రాసిన చేతిది.

దమయంతీస్వయంవరమును స్మరింపుడు. ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుగురును నలుని రూపమునే ధరించి సభలో కూర్చుండిరి. దమయంతి చూడగా నలులైదుగురు. ఆమె తెలివితక్కువదనియెవరైన ననిరా? ఒకరి రూపమును నలుగురు ధరించినప్పుడు భ్రమ కలుగుట చూచువారి దోషము కాదు. అయినను ఆమె తోచినవాని మెడలో మాల వేయలేదు. తొందరపడక, మీమీ చిహ్నములను చూపుడని ఆ దేవతలనే వేడెను. వేడినపిమ్మట వారును దాచలేకపోయిరి. చెమట లేని దేహములు, రెప్పపాటు లేని కన్నులు, వాడని పూలదండలు, నేలనంటని పాదములు ఆమెకు కనబడినవి. చెమర్చినవాడు, నేలపై నిలిచినవాడు నలుడని గుర్తించి ఆమె వరించెను. మనకును ఇదియే మార్గము. రూపమును నమ్మరాదు, చిహ్నము నడుగవలెను, చూపువఱకు మాల చేతిలోనే యుంచుకొనవలెను.

నేటికిని ఇట్టి కవలరూపములు కలవు. విండోస్‌లోనే 'ఎస్ మోడ్' అను తెఱగు గలదు. చౌకవెల యంత్రములలో దీని నుంచుట కలదు. అందున్నంతకాలము మైక్రోసాఫ్ట్ దుకాణపు యాప్‌లు మాత్రమే నడచును. దానినుండి వెలుపలికి వచ్చుట కేమియు చెల్లింపనక్కఱలేదు గాని, ఒకసారి వచ్చిన మరల లోనికి పోవీలులేదు. ఏ.ఆర్.ఎం. జాతి ప్రాసెసర్లతో నడచు విండోస్ యంత్రములు 2017 తరువాత మరల వచ్చినవి. ఇవి ఆర్.టి. వంటివి కావు. పాత ప్రోగ్రాముల భాషను అప్పటికప్పుడు తర్జుమా చేసికొను నేర్పు వీనికి గలదు. అయినను కొన్ని పాత అచ్చుయంత్రములును, కొన్ని ప్రోగ్రాములును వీనితో పొసగవు. 2011లో వచ్చిన అమెజాన్ వారి కిండిల్ ఫైర్ పలక ఆండ్రాయిడ్ నుండి పుట్టిన తంత్రముతోనే నడచినను, గూగుల్ వారి ప్లే దుకాణము దానిలో లేకుండెను. ఒక వంశమున పుట్టినను ఆచారములు వేఱైనట్లు.

పేరును చక్కదిద్దుకొన్నవారును లేకపోలేదు. ఆండ్రాయిడ్ తెఱగులకు గూగుల్ వారు చాలకాలము తీపి పదార్థముల పేర్లు పెట్టుచుండిరి. 2016లో నూగట్, 2017లో ఓరియో, 2018లో పై. అక్షరక్రమమున పోవుచుండిన యీ పేర్లలో ఏది క్రొత్తదో ఏది పాతదో పలుదేశముల జనులకు తెలియుటలేదని గ్రహించి, 2019లో ఆండ్రాయిడ్ 10 అని అంకెతోనే పిలిచిరి. పదికన్న పదునొకండు పెద్దదని చిన్నపిల్లయు చెప్పగలదు. సంస్థలు తలచుకొన్నచో స్పష్టముగ పేరు పెట్టవచ్చుననుటకు ఇది నిదర్శనము.

ఇక పలకను కొనబోవు సోదరీమణులు అడుగవలసిన ప్రశ్నలను చెప్పెదను. మొదటిది, ఆపరేటింగ్ సిస్టము పేరు పూర్తిగ నేమి, దాని అంకె యేది? ఆండ్రాయిడ్ అనియో విండోస్ అనియో చెప్పి యూరకున్నచో చాలదు. ఇది సెట్టింగ్స్‌లో 'ఎబౌట్' అనుచోట కనబడును, అంగడిలోనే తెఱచి చూపుమనవలెను. రెండవది, మనకు కావలసిన ప్రోగ్రామును, అనగా బడివారి పాఠములనో, తెలుగు వ్రాతపనినో, బ్యాంకు పనినో, ఒక చీటిమీద వ్రాసికొనిపోయి, ఇది యీ పలకలో నడచునా యని యడిగి, వీలున్నచో మన యెదుటనే నడపించి చూడవలెను. మూడవది, పెట్టెమీద వ్రాసిన గిగాబైటులలో మనకు మిగులునవి యెన్ని? నాలుగవది, రక్షణ సవరణలు ఏ సంవత్సరమువఱకు వచ్చును? అయిదవది, నడవనిచో తిరిగి తీసికొందురా? తీసికొందుమన్నచో ఆ మాటను రసీదుమీద వ్రాయించుకొనవలెను.

వీనియన్నిటికన్నను ముఖ్యమైన ప్రశ్న యొకటి గలదు. 'ఇది ఏ పని చేయదు?' అని యడుగవలెను. ఏమి చేయునని యడిగినచో అమ్మువాడు పురాణము విప్పును. ఏమి చేయదని యడిగినచో అతడు నిజముగ ఆలోచించి చెప్పవలసివచ్చును. తెలియక తడబడినచో అదియు మనకొక సమాధానమే. ఆనాడు ఆర్.టి. పలక కొన్నవారిలో ప్రతివారును ఈ యొక్క ప్రశ్న నడిగి సరియైన బదులు పొందియున్నచో, కావలసినవారు తెలిసియే కొని సంతోషించియుందురు, అక్కఱలేనివారు మానియుందురు.

చట్టమును మనకు తోడుగ నున్నది. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము 2020 జులై 20వ తేదీనుండి అమలులో నున్నది. కొను వస్తువుయొక్క గుణము, పరిమాణము, ప్రమాణము, వెల తెలిసికొనుట కొనువారి హక్కని అది చెప్పుచున్నది. తప్పుదారి పట్టించు ప్రకటనలు అందు దోషములుగ నెంచబడినవి. వస్తువును ఎచ్చట కొన్నను, మనము నివసించు జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌నందే ఫిర్యాదు చేసికొనవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో దానికి రుసుము లేదు. అంతకుముందుగ 1915 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును. ఇందుకు రసీదును, పెట్టెను, ప్రకటన కాగితమును పదిలపఱచుట మాత్రము మన పని. పచ్చడి జాడీమీద సంవత్సరము వ్రాసి దాచుకొను మనకిది క్రొత్త విద్య కాదు.

సోదరీమణులారా! చింతపండు పాతదో క్రొత్తదో ముట్టి చెప్పగలము, నేతిలో కల్తీని వాసనతో పట్టగలము, చీర జరీని అంచు త్రిప్పి చూడగలము. ఆ నేర్పు మనకు పుట్టుకతో రాలేదు. తల్లులును అత్తలును సిగ్గుపడక ప్రశ్నించి, మోసపోయినచోట తిరిగి పోయి నిలదీసి, ఆ యెఱుకను మనకిచ్చిరి. గాజుపలక విషయమునను అట్లే చేయుదము. తెలియదని యడుగుట చిన్నతనము కాదు. తెలియునట్లు చెప్పకుండుటయే చిన్నతనము. ఒక యిల్లాలు అడిగిన ప్రశ్న ఆమె సొమ్మును మాత్రమే కాపాడును. వీధిలోని యిల్లాండ్రందఱును అదే ప్రశ్న నడిగినచో అంగడివాడు బదులు నేర్చుకొని తీరును. ఆ బదులు చేసినవారి చెవికిని చేరి, ఒక పేరునకొక వస్తువే యుండు దినము వచ్చును. అంతవఱకు మన మాలలు మన చేతులలోనే యుండుగాక!